డింగిల్ అవతలి లోయ, మన విశాఖ లోయ

సెలవు దొరికితే మా అమ్మాయిని కెర్రీలోని డింగిల్ తీసుకెళ్లాను. అక్కణ్ణుంచి పడమరగా 320 కిలోమీటర్లు పోతే సముద్రం అడుగున పెద్ద లోయ ఉందని చెప్పాను: పోర్క్యుపైన్ బ్యాంక్ కాన్యన్.

2018లో యూనివర్సిటీ కాలేజ్ కార్క్ వాళ్లు 'సెల్టిక్ ఎక్స్‌ప్లోరర్' ఓడలో వెళ్లి, 'హాలండ్ 1' అనే రిమోట్ యంత్రాన్ని దింపి, దాదాపు 1,800 చదరపు కిలోమీటర్ల మేర మ్యాపు గీశారు. లోయ అంచున చలినీటి పగడాలున్నాయి. పైనుంచి రాలే ప్లాంక్టన్ వాటి తిండి. అవి చచ్చి, విరిగి లోయలోకి జారితే, వాటిలోని కార్బన్ కూడా ఆ మట్టిలోనే పూడుకుపోతుంది. అందుకే ఆ మట్టి పొరల మీద శాస్త్రవేత్తలకి అంత ఆసక్తి.

"మన ఊరి సముద్రంలో లోయల్లేవా నాన్నా?" అంది. విశాఖలో పెరిగిన నాకు జవాబు తెలీదు. సిగ్గేసింది. ఇంటికొచ్చి వెతికాను.

ఉన్నాయండీ! 1950లలో అమెరికా శాస్త్రవేత్త లఫాండ్ ఆంధ్రా యూనివర్సిటీకొచ్చి, మనవాళ్లతో కలిసి తీరం బయట లోతులు కొలిచారు. అక్కడి లోయల్లో ఒకదాని పేరు 'ఆంధ్ర', ఇంకోదాని పేరు 'మహదేవన్'. ఆ రెండోది మన జియాలజీ ప్రొఫెసర్ పేరే.

మీ పిల్లలు అడక్కముందే చెప్పేయండి.