పెరట్లో వసంతం: చెట్టు చెప్పే తేదీ ఎవరు రాసుకున్నారు?

ఈసారి మందుల గురించీ, మార్కెట్ రేట్ల గురించీ కాదు. మన ఇంటి వెనక పెరడు గురించి, అందులో వసంతం వచ్చే గుర్తుల గురించి, వాటి వెనకున్న చరిత్ర గురించి. కాస్త పెద్ద పోస్టే. తీరిక చేసుకుని చదవండి.

ముందు మీకు తెలిసిన సంగతే చెప్తాను. మాఘమాసం నడుస్తుండగానే పెరట్లో మార్పు మొదలవుతుంది. మునగ తెల్లగా పూస్తుంది. మామిడి పూత మీద తేనెటీగల మోత వినిపిస్తుంది. వేపచెట్టు ఆకంతా రాల్చి, రోజుకు రెండుసార్లు ఊడ్చినా వాకిలి నిండా ఆకే ఉంటుంది. కొన్నాళ్లకు ఎర్రటి లేత చిగురు, దాని వెనకే పూత. మల్లె పాదులో మొగ్గ కనిపిస్తుంది. చింతచెట్టు మీద కాయ దులపగానే చిగురు మొదలవుతుంది. తెల్లవారుజామున కోయిల గొంతు సరిచేసుకుంటుంది. పొలం గట్టున మోదుగ ఎర్రబడుతుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది ఊరిని బట్టి, నేలను బట్టి అటూ ఇటూ కావచ్చు గానీ, గుర్తులు మాత్రం ఇవే.

ఈ గుర్తులు మనవాళ్లు ఎప్పటినుంచి చూస్తున్నారు? చాలా పాత కాలం నుంచే. వేదకాలంలో వసంత ఋతువులోని రెండు నెలలకు మధు, మాధవ అని పేర్లు. చైత్రం, వైశాఖం అని నక్షత్రాల పేర్లు తర్వాత వచ్చినవి. మధు అంటే తేనె. అంటే నెలకి పేరు పెట్టినవాడు ఆకాశం కంటే ముందు పూత వైపు చూశాడని నాకనిపిస్తుంది. మన శాతవాహన రాజు హాలుడు కూర్పించిన గాథాసప్తశతిలో పల్లెటూరి మనుషులు, మామిడి పూత, మోదుగ పూలు కనిపిస్తాయి. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి పల్లెలో కూడా గుర్తులు ఇవేనన్నమాట.

ఇక ఉగాది పచ్చడి సంగతి చూడండి. మనం షడ్రుచులు అంటాం, జీవితంలో కష్టసుఖాలు అంటాం. అది సరే. రైతు కంటితో చూస్తే ఆ పచ్చడి ఒక లెక్కల పుస్తకం. వేపపువ్వు అప్పుడే పూసింది. మామిడి పిందె అప్పుడే కాయగా తిరిగింది. చింతపండు ఆ ఏడాది కొట్టిన కొత్తది. బెల్లం ఆ సీజన్ గానుగాడిన కొత్త బెల్లం. అంటే ఆ రోజుకి పెరట్లో, పొలంలో ఏమేం చేతికొచ్చాయో ఒక గిన్నెలో కలిపి పెట్టారు. ఒక్క కారం మాత్రం తర్వాత మారింది. మిరపకాయ మన దేశానిది కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది. వాస్కోడిగామా కేరళ తీరానికి వచ్చిందే 1498లో. అంతకుముందు మనకి కారం అంటే మిరియాలే. పెరట్లో ఉండే జామ, బొప్పాయి కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే. అందుకే పాత వసంతం గుర్తుల్లో మామిడి, వేప, చింత, మోదుగ ఉంటాయిగానీ జామ, బొప్పాయి ఉండవు.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇన్ని గుర్తులు తెలిసిన మనం, ఏ ఏడు ఏ తేదీకి వేప పూసిందో ఎక్కడైనా రాసిపెట్టామా? రాజులు శాసనాలు చెక్కించారు. వాటిలో సంవత్సరం పేరు, తిథి, వారం, సంక్రాంతి, గ్రహణం అన్నీ ఉంటాయి. కానీ అవి దానాలకోసం చెక్కించినవి, పూతకోసం కాదు. మామిడి ఎప్పుడు పూసిందన్నది మా నాయనమ్మ లాంటివాళ్ల నోట్లోనే ఉండేది. వాళ్లతోనే పోయింది.

రాసినవాళ్లు వేరే చోట ఉన్నారు. ఇంగ్లాండులో నార్ఫోక్ అనే జిల్లా, స్ట్రాటన్ స్ట్రాలెస్ అనే ఊరు. అక్కడ రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో ఒక పని మొదలుపెట్టాడు. తన తోటలో, ఊళ్లో వసంతం గుర్తులు 27 ఎంచుకున్నాడు. మొదటి తెల్లపువ్వు ఏ రోజు పూసింది, ఓక్ చెట్టు ఏ రోజు చిగురేసింది, కప్పలు ఏ రోజు అరిచాయి, వలస పిట్ట ఏ రోజు వచ్చింది, టర్నిప్ ఏ రోజు పూసింది. ఇవే. 1789లో ఆ లెక్కలు లండన్ రాయల్ సొసైటీ అచ్చువేసింది. 1797లో ఆయన పోయాడు. తర్వాత ఆయన వంశంవాళ్లు, మధ్యలో కొన్నేళ్లు ఆగినా, 1958 దాకా రాస్తూ వచ్చారు. ఒక కుటుంబం రెండు వందల ఏళ్లకు పైగా చేసిన పని ఇది. ఆయన స్నేహితుడు గిల్బర్ట్ వైట్ అని సెల్బోర్న్ ఊరి పాస్టరు, 1751 నుంచి తన కూరపాదుల్లో ఎప్పుడు ఏం విత్తాడో, ఎప్పుడు మొలిచిందో రాసుకున్నాడు. ఇద్దరూ ముసలితనంలో వీటి గురించి ఉత్తరాలు రాసుకునేవారు.

జపాన్‌లో ఇంకా పాతది. క్యోటో నగరంలో చెర్రీ పూలు పూసినప్పుడు రాజులు, కొలువులోని పెద్దలు విందు చేసుకునేవారు. ఆ విందు తేదీ డైరీల్లో రాసేవారు. అలా తొమ్మిదో శతాబ్దం నుంచి పూత తేదీలు దొరుకుతున్నాయి. మనదీ పూతకి చేసుకునే పండగే కదా! పచ్చడి మనకీ ఉంది, డైరీ మాత్రం లేదు.

ఆ రాతలవల్ల ఏం ఒరిగింది అంటారా? చెప్తాను. 2021లో క్యోటోలో చెర్రీ నిండుగా పూసింది మార్చి 26న. పన్నెండు వందల ఏళ్ల లెక్కలో అప్పటిదాకా అంత ముందుగా ఎప్పుడూ పూయలేదు. అంతకుముందు రికార్డు 1409లో మార్చి 27. అమెరికాలో కాంకర్డ్ అనే ఊళ్లో థోరో అనే రచయిత 1850ల్లో ఏ పువ్వు ఎప్పుడు పూసిందో రాసుకున్నాడు. నూటయాభై ఏళ్ల తర్వాత శాస్త్రవేత్తలు అదే ఊళ్లో చూస్తే, 43 రకాల మొక్కలు సగటున వారం రోజులు ముందుగా పూస్తున్నాయని తేలింది. ఋతువు జరిగిపోతోందని వాళ్లు ఊరికే అనడం లేదు, కాగితం చూపించి అంటున్నారు. మనం మాత్రం రచ్చబండ దగ్గర కూర్చుని "మా చిన్నప్పుడు ఇలా ఉండేది కాదురా" అంటాం. పక్కవాడు "ఎప్పుడూ ఇంతేలే బాబాయ్" అంటాడు. ఇద్దరి దగ్గరా కాగితం లేదు.

మనకి పంచాంగం ఉంది కదా, కార్తెలు ఉన్నాయి కదా అని మీరనొచ్చు. ఉన్నాయి. కానీ వాటి లెక్క కొంచెం వివరంగా చూడాలి. ఉగాది చంద్రుడి లెక్క. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు. ఏటా 11 రోజులు వెనక్కి జరిగి, అధిక మాసం వచ్చినప్పుడు మళ్లీ ముందుకొస్తుంది. 2023లో ఉగాది మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. మరి "ఉగాదికి వేప పూయలేదు" అంటే తప్పు వేపదా, ఉగాదిదా? రెండు ఏళ్లకీ మధ్య పండగే ఇరవై రోజులు అటూ ఇటూ అయింది.

కార్తెలు అలా కాదు. అవి సూర్యుడి లెక్క. 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. అశ్వని ఏప్రిల్ మధ్యలో, రోహిణి మే చివర్లో, మృగశిర జూన్ మొదట్లో ఏటా దాదాపు అదే తేదీకి వస్తాయి. అందుకే మన పెద్దలు సేద్యానికి తిథిని కాకుండా కార్తెని నమ్ముకున్నారు. గొప్ప తెలివి అది. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. కార్తె నక్షత్రాన్ని బట్టి లెక్క. భూమి అక్షం బొంగరంలా చాలా నెమ్మదిగా ఊగుతుంది కాబట్టి, నక్షత్రాల లెక్క, ఋతువుల లెక్క సుమారు 71 ఏళ్లకి ఒక రోజు చొప్పున విడిపోతాయి. ఆర్యభట్టు, వరాహమిహిరుల కాలంలో మేష సంక్రమణం, పగలూ రాత్రీ సమానమయ్యే రోజూ ఇంచుమించు కలిసి వచ్చేవి. ఇప్పుడు సమానమయ్యేది మార్చి 20 లేదా 21. మేష సంక్రమణం ఏప్రిల్ 14. మూడు వారాలకు పైనే తేడా. మన సంక్రాంతి కూడా అంతే. పొద్దు పెరగడం డిసెంబరు 22 దాటగానే మొదలవుతుంది, మనం ఉత్తరాయణం జనవరి 14నో 15నో చేసుకుంటాం.

ఇది ప్రభుత్వానికీ తెలుసు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో మేఘనాథ్ సాహా అనే పెద్ద శాస్త్రవేత్త అధ్యక్షతన క్యాలెండర్ సంస్కరణ కమిటీ వేశారు. దేశంలో ముప్పై దాకా పంచాంగాలు వాడుకలో ఉన్నాయని వాళ్లు చూశారు. ఋతువుతో కలిసి నడిచేలా జాతీయ క్యాలెండర్ తయారుచేశారు. 1957 మార్చి 22న చైత్రం 1గా అది అమల్లోకి వచ్చింది. గెజిట్లలో ఆ తేదీ ఇప్పటికీ ఉంటుంది. ఊళ్లో ఎవరూ వాడలేదు, అది వేరే సంగతి.

నేను చెప్పేదేమంటే, పంచాంగం తప్పని కాదు. పండక్కి పంచాంగమే చూద్దాం. కానీ చెట్టు పంచాంగం చూడదు. మామిడి పూత పడాలంటే చలికాలంలో రాత్రులు చల్లగా ఉండాలి, నేల కొంత బెట్టకి రావాలి. ఆ టైములో వాన పడితే పూతకి బదులు ఆకు చిగురేస్తుంది. పూత మీద మబ్బు పట్టి తేమ ఉంటే తేనెమంచు పురుగు, బూడిద తెగులు పట్టుకుంటాయి. చలి, ఎండ, తేమ, ఈ మూడింటినీ కలిపి కొలిచే యంత్రం లాంటిది పెరటి చెట్టు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు.

ఇప్పుడు దీని అవసరం పెరిగింది కూడా. దేశం మొత్తం మీద 1901 నుంచి ఉన్న రికార్డుల్లో పగటి ఎండ సగటున అత్యధికంగా నమోదైన మార్చి నెల 2022లోది. మరుసటి ఏడే 2023లో ఫిబ్రవరి నెల అలాంటి రికార్డే పెట్టింది. 2022లో గోధుమ గింజ పాలుపోసుకునే టైములో ఆ ఎండ తగిలి దిగుబడి తగ్గింది. మే నెలలో కేంద్రం గోధుమ ఎగుమతి ఆపేసింది. ఇవి వాతావరణ శాఖ చెప్పిన దేశం లెక్కలు. మరి మన ఊరి లెక్క? మన మామిడి, మన కంది, మన మునగ ఎన్ని రోజులు జరిగాయి? వాతావరణ బీమా లెక్క కట్టేది స్టేషన్ అంకెలతో. ఆ స్టేషన్ మన ఊళ్లో ఉండదు. మనం అడగడానికి మన చేతిలో ఏదో ఒక రాత ఉండాలి కదా.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఇంకోటి. పెరడే పోతోంది. కొత్త స్లాబు ఇల్లు కడితే వెనకాల అంతా సిమెంటు. ఆకు రాలుతోందని వేప కొట్టేస్తున్నాం. ట్రాక్టరు పెట్టడానికి చోటు లేదని చింత కొట్టేస్తున్నాం. మార్షమ్ వంశం రెండు వందల ఏళ్లు రాయగలిగిందంటే, రాయడానికి ఎదురుగా చెట్లు ఉన్నాయి కాబట్టి. చెట్టు పోయాక నోటుబుక్కు కొని ఏం లాభం?

అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఖర్చు లేని పని. మీ పెరట్లో ఐదు గుర్తులు ఎంచుకోండి. నా లిస్టు ఇది: మామిడి మొదటి పూత, వేప మొదటి పువ్వు, మల్లె మొదటి మొగ్గ విచ్చిన రోజు, చింత మొదటి చిగురు, కోయిల మొదటి కూత. ఏటా అదే చెట్టుని చూడాలి, చెట్టు మారిస్తే లెక్క చెడుతుంది. ఇంగ్లీషు తేదీ రాయాలి, పక్కన కార్తె రాసుకుంటే ఇంకా మంచిది. ఆ వారం వాన పడిందా, మబ్బు పట్టిందా ఒక్క ముక్క రాయండి. ఫోనులో ఫోటో తీస్తే తేదీ దానంతటదే పడుతుంది గానీ, ఫోను పోతే అన్నీ పోతాయి. గోడ క్యాలెండరు మీద రాసి, ఏడాది చివర పారేయకుండా దాచండి. ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే ఈ పని వాళ్లకి అప్పజెప్పండి. మీకంటే ఎక్కువ ఏళ్లు రాసేది వాళ్లే. ఇంట్లో పెద్దావిడ ఉంటే, ఏ చెట్టు తర్వాత ఏది పూసేదో ఆమెని అడిగి మొదటి పేజీలో అది రాయండి.

ఒక ఏడు రాతతో ఏమీ తెలియదు. పదేళ్లు రాస్తే ఊరికి తెలుస్తుంది. పది ఊళ్లు రాస్తే మండలానికి తెలుస్తుంది. ఈ ఏడు మీ ఊళ్లో వేప ఏ తేదీకి పూసిందో, మామిడి ముందా వేప ముందా, నాకు రాసి చెప్పండి. ఊరి పేరు, నేల రకం కూడా రాయండి. మా వైపు ఎర్రనేల, మామిడే ముందు.