ముత్యపుచిప్ప పుట్టగొడుగుల పెంపకం

ముత్యపుచిప్ప పుట్టగొడుగు ప్లూరోటస్ ప్రజాతికి చెందిన తినదగిన శిలీంధ్రం. గొడుగు ముత్యపుచిప్ప ఆకారంలో ఉండటం వలన దీనికి ఈ పేరు వచ్చింది. దీనినే ఆయిస్టర్ పుట్టగొడుగు అని కూడా అంటారు. ప్రకృతిలో ఇది ఎండిన మానులపై పెరుగుతుంది. సెల్యులోజును, లిగ్నిన్‌ను జీర్ణించుకోగలదు కనుక వరిగడ్డిపై కూడా సులభంగా పెరుగుతుంది. అందువలన ఇంటివద్ద పెంచటానికి ఇది అనువైన రకం. అయితే గడ్డిని ఇతర బూజులు ఆక్రమించే లోపే ఈ శిలీంధ్రం ఆక్రమించుకోవాలి. పెంపకంలో పాటించే శుభ్రత అంతా ఇందుకే.

శిలీంధ్రజాలం

మనకు కనిపించే గొడుగు శిలీంధ్రపు ఫలనాంగం మాత్రమే. శిలీంధ్రంలో ప్రధాన భాగం సన్నని తెల్లని తంతువుల అల్లిక. దీనిని శిలీంధ్రజాలం లేదా మైసీలియం అంటారు. తంతువులు ఎంజైములను వెలుపలికి స్రవించి, గడ్డిని కరిగించి, ఆహారాన్ని పీల్చుకుంటాయి. పుట్టగొడుగులలో పత్రహరితం ఉండదు. కనుక వీటికి వెలుతురు ఆహారం తయారీకి కాక, గొడుగులు సరిగా ఏర్పడటానికి మాత్రమే అవసరం.

చరిత్ర

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో, జర్మనీలో ఫాల్క్ అనే శాస్త్రవేత్త చెట్ల మోళ్ళపై వీటిని పెంచాడు. భారతదేశంలో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థకు చెందిన బానో, శ్రీవాస్తవలు 1962లో వరిగడ్డిపై పెంచే పద్ధతిని తెలియజేశారు.

విత్తనం తయారీ

శిలీంధ్రజాలం అల్లుకున్న ధాన్యాన్నే పుట్టగొడుగుల విత్తనం లేదా స్పాన్ అంటారు. తాజా గొడుగును చీల్చి, లోపలి కణజాలం నుండి చిన్న ముక్కను తీసి, బంగాళాదుంప రసం, డెక్స్‌ట్రోజ్, అగార్ కలిపిన యానకంపై ఉంచితే తెల్లని శిలీంధ్రజాలం పెరుగుతుంది. సిద్ధబీజాల నుండి వచ్చే శిలీంధ్రాల లక్షణాలు మారవచ్చు. కణజాలం నుండి పెంచితే తల్లి రకపు లక్షణాలే వస్తాయి.

తరువాత జొన్నలను పగలకుండా సగం ఉడికించి, ఆరబెట్టి, కిలోకు 20 గ్రాముల కాల్షియం కార్బొనేట్ కలిపి సీసాలలో నింపుతారు. దూదితో మూతిని బిగించి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ వద్ద సూక్ష్మజీవి రహితం చేస్తారు. చల్లారాక శిలీంధ్రజాలపు ముక్కను అందులో వేస్తే రెండు, మూడు వారాలలో గింజలన్నీ తెల్లబడతాయి. విత్తనం నుండి విత్తనాన్ని పలుమార్లు తయారు చేస్తూపోతే దాని శక్తి క్షీణిస్తుంది. కొత్తగా ప్రారంభించేవారు నమ్మకమైన ప్రయోగశాల నుండి విత్తనాన్ని కొనటం మంచిది.

పెంచే విధానం

1. బూజు పట్టని ఎండు వరిగడ్డిని 3 నుండి 5 సెం.మీ. ముక్కలుగా కత్తిరించి, సుమారు 8 గంటలు నానబెట్టాలి.

2. 80 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచి, నీరు వడకట్టి, శుభ్రమైన చోట నీడలో ఆరబెట్టాలి. పిడికిట బిగిస్తే నీరు కారకూడదు, చేతికి మాత్రం తడి తగలాలి.

3. 30 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. పొడవు గల పాలిథిన్ సంచిలో గడ్డిని, విత్తనాన్ని పొరలు పొరలుగా నింపాలి. కిలో ఎండుగడ్డికి సుమారు 100 గ్రాముల విత్తనం చాలు. సంచి మూతి కట్టి, గాలికోసం చిన్న రంధ్రాలు చేయాలి.

4. చీకటిగదిలో 15 నుండి 20 రోజులు ఉంచితే గడ్డి అంతా తెల్లగా అల్లుకుంటుంది.

5. తరువాత సంచిని చీల్చి, వెలుతురు, గాలి ఆడే గదిలోకి మార్చాలి. గాలిలో తేమ 80 శాతానికి పైగా ఉండేలా నీటిని పొగమంచులా చల్లాలి.

6. కొద్ది రోజులలో మొగ్గలు కనిపిస్తాయి. గొడుగు అంచులు పైకి తిరగక ముందే మెలితిప్పి కోయాలి. వారం, పది రోజుల వ్యవధిలో మరో రెండు కోతలు వస్తాయి.

కిలో ఎండుగడ్డికి మొత్తం అరకిలో నుండి కిలో వరకు తాజా పుట్టగొడుగులు లభిస్తాయి.

వాతావరణం

సాధారణంగా పెంచే రకాలకు 20 నుండి 30 డిగ్రీల ఉష్ణోగ్రత అనుకూలం. కనుక ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో శీతాకాలం అనువైనది. వేసవిలో 30 నుండి 35 డిగ్రీల వేడిని తట్టుకునే పాల పుట్టగొడుగులను పెంచుతారు. వీటి సంచులపై మట్టి పొర వేయాలి.

సమస్యలు

* గడ్డిపై ఆకుపచ్చ మచ్చలు ట్రైకోడెర్మా బూజుకు గుర్తు. అటువంటి సంచిని వెంటనే దూరంగా తొలగించాలి.
* కాడలు పొడవుగా, గొడుగులు చిన్నవిగా ఉంటే గదిలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువైందని అర్థం. గాలి బాగా ఆడేలా చేయాలి.
* గొడుగు అంచులు ఎండి చిట్లితే తేమ తక్కువైనట్లు. గొడుగులపై నీరు నిలిస్తే బాక్టీరియా వలన పసుపు మచ్చలు వస్తాయి.

జాగ్రత్తలు

ముదిరిన గొడుగులు లెక్కలేనన్ని సిద్ధబీజాలను వెదజల్లుతాయి. వీటిని పీల్చితే దగ్గు, ఉబ్బసం వంటి అలర్జీలు కలుగవచ్చు. గదిలోకి వెళ్ళేటప్పుడు ముక్కుకు మాస్కు ధరించాలి. విత్తనం వేయని చోట, పెరట్లోగాని అడవిలోగాని మొలిచిన పుట్టగొడుగులను తినరాదు. కొన్ని విషజాతులు తినదగిన వాటిని పోలి ఉంటాయి. వాటిలో కొన్నిటి విషం వండినా పోదు.

ఉపయోగాలు

తాజా పుట్టగొడుగులలో దాదాపు 90 శాతం నీరు ఉంటుంది. కొవ్వు చాలా తక్కువ. ప్రొటీన్లు, పీచు, బి విటమిన్లు లభిస్తాయి. వీటిలోని ఎర్గోస్టెరాల్ ఎండ తగిలినప్పుడు విటమిన్ డి గా మారుతుంది. కోతలు పూర్తయిన గడ్డిని వానపాముల ఎరువు తయారీకి వాడవచ్చు.