పాత పునాదుల మీద

2025 మార్చి 26, బుధవారం. ఆ మధ్యాహ్నం భద్రాచలంలో ఇంకా పూర్తికాని ఆరంతస్తుల భవనం ఒక్కసారిగా కుప్పకూలింది. లోపల పనిలో ఉన్న ఇద్దరు మనుషులు మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. చివర ఏముందో తెలిసే ఈ కథ మొదలుపెడుతున్నాను. తెలిసినా సరే, చెప్పబోయేసరికి గొంతు పూడుకుపోతోంది.

తూర్పు కనుమల కొండలు పక్కకు ఒదిగి గోదావరికి దారి ఇచ్చే ఏజెన్సీ ఊరు అది. ఏప్రిల్ 6న శ్రీరామనవమి. కల్యాణానికి ఊరు సిద్ధమవుతున్న రోజులవి. యాత్రికులు వచ్చేపోయే ఊళ్ళో గజం స్థలం కూడా బంగారమే. పక్కకు జరిగే చోటు లేనివాళ్ళు పైకి కడతారు. ఇక్కడా అదే జరిగిందని పత్రికలు రాశాయి. పాత కట్టడాన్ని పడగొట్టకుండా దాని మీదే అంతస్తులు లేపారట. అనుమతులు లేవట. ఫిర్యాదులు ముందే వెళ్ళాయట. ఆ ఒక్కో 'అట' దగ్గర ఆగి చూడండి, ఒక్కో తలుపు కనిపిస్తుంది. ఏ ఒక్కటి తెరుచుకున్నా ఆ ఇద్దరూ ఆ సాయంత్రం బయటికి వచ్చేవాళ్ళు.

పాత పిల్లరు తన బాధ తాను చెప్పుకోలేదు. ప్లాస్టరింగ్ నున్నగా ఉంటుంది, పైన సున్నం తెల్లగా ఉంటుంది. ఉలి పెట్టి నాలుగు దెబ్బలు కొడితే పెచ్చు ఊడి ఇనుప చువ్వ బయటపడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచే చీలుస్తుంది. చేత్తో తడిమితే ఎర్రటి పొడి వేళ్ళకు అంటుతుంది. ఎన్ని చువ్వలు వేశారో, ఎంత లావువి వేశారో అప్పుడే తెలుస్తుంది. పిల్లరు పక్కన గొయ్యి తవ్వితే ఫుటింగ్ ఎంత వెడల్పో, ఎంత లోతులో కూర్చుందో కనిపిస్తుంది. రెండంతస్తుల కోసం వేసిన పునాది ఆరు మోయదు. ఈ మాట చెప్పడానికి ఇంజనీరుకు నెలలు అక్కర్లేదు. అడిగేవాళ్ళు ఉండాలి, విని పని ఆపేవాళ్ళు ఉండాలి.

నన్ను ఎక్కువగా కలచివేసేది మరొకటి ఉంది. హెచ్చరిక అంటే ఏమిటో భద్రాచలానికి తెలిసినంతగా మరే ఊరికి తెలుసు? గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చూసిన ఊరు అది. ఏటా వర్షాకాలంలో నీటిమట్టం గంట గంటకూ అడిగి తెలుసుకుని, సామాన్లు సర్దుకుని, పిల్లల్ని తీసుకుని గట్టుకు చేరే జనం. నెత్తిన పెరుగుతున్న బరువును కొలవడానికి మాత్రం ఆ పిల్లర్ల మీద ఏ అడుగుల గీతలూ లేవు.

1995 జూన్ 29న సియోల్‌లో సాంపుంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ కూలి 502 మంది చనిపోయారు. నివాసాలకని మొదలైన కట్టడాన్ని దుకాణాల సముదాయంగా మార్చారు. ఎస్కలేటర్ల కోసం స్తంభాలను కుదించారు, పైన ఐదో అంతస్తు చేర్చారు. ఆ ఉదయమే పగుళ్ళు చూశారు, యజమానులు కూర్చుని మాట్లాడుకున్నారు, అమ్మకాలు మాత్రం ఆపలేదు. అంత దూరం, అన్నేళ్ళ ఎడం. అయినా ఆ పగుళ్ళ గురించి చదువుతుంటే నాకు భద్రాచలమే కళ్ళలో మెదులుతుంది.

భద్రాచలంలో మొదట శిథిలాల కింద ఆరుగురున్నారని వార్త వచ్చింది. తర్వాత ఇద్దరన్నారు. ఒకరి గొంతు వినిపించింది. ఆ గొంతు కోసమే సింగరేణి రెస్క్యూ సిబ్బంది, ఎన్‌డీఆర్‌ఎఫ్ బృందాలు రాత్రంతా పనిచేశాయి. పెద్ద యంత్రంతో లాగితే పైనున్న స్లాబు మళ్ళీ జారుతుంది, చేతులతో తవ్వితే కాలం జారిపోతుంది. ఆ రెండింటి నడుమ అంగుళం అంగుళం కాంక్రీటు పగలగొడుతూ, చువ్వలు కోస్తూ లోపలికి వెళ్ళారు. అర్ధరాత్రి దాటాక అతన్ని ప్రాణంతోనే బయటికి తీశారు. కాసేపు ఆశ నిజమైంది. ఆసుపత్రికి చేర్చారు, కానీ అతను దక్కలేదు.

రెండో మనిషి కోసం తవ్వకం ఇంకా సాగింది. చివరికి శవమే దొరికింది. ఆ భవనానికి ఎన్ని అంతస్తులుండాలో ఆ ఇద్దరినీ ఎవరూ అడగలేదు. పాత పిల్లర్ల సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదేమో. పొద్దున్నే పనికి రమ్మన్నారు, వచ్చారు. ఆ ఆదివారమే ఉగాది.