ఇంటి స్టీరియోకు సబ్‌వూఫర్: గోదావరి డెల్టా ఇళ్లలో

సుమారు 20 నుంచి 100 హెర్ట్జ్ వరకు ఉండే మంద్ర ధ్వనుల కోసమే తయారైన స్పీకరు సబ్‌వూఫర్. నాలుగు తీగల బేస్ గిటారులో అట్టడుగు స్వరం 41 హెర్ట్జ్. ఐదంగుళాల వూఫర్ ఉన్న చిన్న స్పీకర్లు సాధారణంగా అంత కిందికి దిగకముందే నీరసపడతాయి. ఆ లోటు తీర్చడమే సబ్‌వూఫర్ పని. కొనేటప్పుడు మాత్రం చూపంతా వాట్ల మీద, అంగుళాల మీద ఉంటుంది. వినేటప్పుడు వాటికంటే ఎక్కువ పెత్తనం గదిదే. మండువా లోగిలి నుంచి శ్లాబు డాబా దాకా రకరకాల ఇళ్లున్న గోదావరి డెల్టాలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

వేడి ఎక్కువగా ఉండే ఈ ప్రాంతంలో, 30 డిగ్రీలు దాటిన గాలిలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు సాగుతుంది. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు ఉన్న గదిని తీసుకుందాం. ఎదురెదురు గోడల మధ్య దూరం 3.66 మీటర్లు. ఆ దూరానికి రెట్టింపు తరంగదైర్ఘ్యం ఉన్న ధ్వని, అంటే సుమారు 48 హెర్ట్జ్, ఆ గోడల మధ్యే నిలిచిపోయి మోగుతుంది. పొడవూ వెడల్పూ సమానం కాబట్టి రెండు దిక్కులా అదే స్వరం పేరుకుంటుంది. బేస్ గిటారులో అన్నిటికంటే కింది జీ స్వరం 49 హెర్ట్జ్. పాటలో ఆ స్వరం వచ్చినప్పుడల్లా గది దద్దరిల్లుతుంది, దాని పక్క స్వరాలు తేలిపోతాయి. గోడకు ఆనించిన సోఫాలో కూర్చుంటే ఆ జీ చెవులు బద్దలు కొడుతుంది, సరిగ్గా గది నడుమ కుర్చీ వేసుకుంటే దాదాపు మాయమవుతుంది. పెట్టె అదే, పాట అదే. అదే గది పదడుగులకు పద్నాలుగడుగులైతే ఈ మోతలు సుమారు 57, 41 హెర్ట్జ్ దగ్గర విడివిడిగా పడతాయి, వాటిని భరించడం తేలిక. ఇటుక గోడ, కాంక్రీటు కప్పు, టైల్స్ గచ్చు మంద్రాన్ని పీల్చుకోవు, తిప్పికొడతాయి. నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, పెంకుల కప్పు ఉన్న పాత కోనసీమ ఇంట్లో అదే ధ్వని చాలావరకు బయటికి జారిపోతుంది. అక్కడ మోత తక్కువ, కాబట్టి పెద్ద పెట్టె అడగడంలో న్యాయముంది. శ్లాబు గదికి ఆ న్యాయం వర్తించదు.

జాతరల్లో, పెళ్లి ఊరేగింపుల్లో డీజే పెట్టెలు గుట్టగా పేర్చితేనే గుండె అదురుతుంది కదా, ఇంట్లోనూ పెద్దదే మేలు కాదా అనవచ్చు. ఆరుబయట ధ్వనిని తిరిగి పంపే గోడలు లేవు, అందుకే అన్ని పెట్టెలు కావాలి. గదిలో ఆ సాయం గోడలే చేస్తాయి, మూలలో పెడితే మరీ ఎక్కువగా. ఈక్వలైజరుతో సరిదిద్దవచ్చన్న వాదన సగమే నిజం. అది పొంగిన స్వరాన్ని తగ్గించగలదు. గోడల ప్రతిధ్వనులు ఒకదాన్నొకటి చంపుకున్న చోట మాత్రం ఎంత కరెంటు పోసినా లాభం ఉండదు. అందుకే చోటు వెతకడమే అసలు పని. సబ్‌వూఫర్‌ను కూర్చునే చోట పెట్టి, బేస్ గిటారు స్పష్టంగా నడిచే పాట వేసి, గోడల వెంట వంగి తిరుగుతూ వినాలి. స్వరాలన్నీ సమంగా వినిపించిన చోట పెట్టెను పెట్టి, మనం మన కుర్చీలోకి రావాలి. చూసేవాళ్లు నవ్వుకుంటారు గానీ, ఖర్చు లేని పద్ధతి ఇదే.

రెండు చానళ్ల పాటలో మంద్రానికి వేరే చానల్ ఉండదు. ఉన్నదాంట్లోనే కింది భాగాన్ని సబ్‌వూఫర్ పంచుకుంటుంది. ఆ పంపకానికి 80 హెర్ట్జ్ మంచి మొదలు. అంతకు కింది ధ్వని ఎటునుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు. పాత ఆంప్లిఫయరుకు సబ్‌వూఫర్ అవుట్ లేకపోతే స్పీకరు తీగలనే తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న రకం ఎంచుకోవాలి. ఫేజ్ మీటను 0, 180 రెండింటిలోనూ పెట్టి, పాట నిండుగా వినిపించిన వైపు ఉంచాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఎర్తింగ్ తేడా వస్తే ఆ గుయ్యిమనే మోతను సబ్‌వూఫర్ బ్రహ్మాండంగా వినిపిస్తుంది. ఎర్త్ పిన్ను పీకేయడం ప్రమాదం. పరికరాలన్నీ ఒకే ప్లగ్ బోర్డు నుంచి నడిపితే చాలాసార్లు తగ్గుతుంది.

ఘంటసాల పాటలు వినేవారికి ఇది దండగ కాదా? చాలావరకు అవును. 78 ఆర్‌పీఎం రికార్డుల నాటి పాటల్లో లోతైన మంద్రం తక్కువ, పైగా టర్న్‌టేబుల్ గరగర కూడా పెద్దదవుతుంది. కొవ్వూరులో పుట్టిన కీరవాణి సినిమా పాటలు వినేవారి సంగతి వేరు. ఇక ఇరుగుపొరుగు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. ఆ కొలతకు వాడే ‘ఎ-వెయిటింగ్’ అనే లెక్క 50 హెర్ట్జ్ ధ్వనిని సుమారు 30 డెసిబెల్స్ తక్కువగా లెక్కిస్తుంది. అంటే మీటరు తప్పు పట్టని మోత కూడా కింది ఫ్లాటులో కిటికీ అద్దాలు వణికించగలదు. పెట్టె కింద రబ్బరు దిమ్మలు వేస్తే శ్లాబుకు నేరుగా అందే అదురు కొంత తగ్గుతుంది, గాలిలో వెళ్లే మోత తగ్గదు. దానికి రాత్రి పది దాటాక సబ్‌వూఫర్ లెవెల్ తగ్గించుకోవాల్సిందే.