ఆరు రోజుల సృష్టి, ఎనిమిది క్రేయాన్లు: మన గూడేలకు వచ్చిన రంగుల కాయితం కథ

పోస్టు కొంచెం పెద్దది, వీలు చూసుకుని చదవండి.

ఎండాకాలం సెలవుల్లో చర్చి ఉన్న గూడేల్లో వి.బి.ఎస్. పెడతారు కదా. ముందు వరసలో కూర్చునేది ఇంకా బడి మొహం చూడని మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలే. వాళ్ళ చేతికి ఒక కాయితం, నాలుగు రంగులు ఇస్తారు. కాయితం మీద సూర్యుడు, చంద్రుడు, చేపలు, జిరాఫీ, చివర్లో పొదల వెనకాల నడుం దాకా మాత్రమే కనపడే ఆదాము, హవ్వ. ఈ కాయితం ఎక్కణ్ణుంచి వచ్చింది, మన దాకా ఎట్లా వచ్చింది అన్నదే ఈ పోస్టు. మతం మారడం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ పెట్టట్లేదు. దాని మీద మనం ఇప్పటికే చాలా గొంతు చించుకున్నాం.

పిల్లలకు బొమ్మలతో పాఠం చెప్పాలి అని గట్టిగా పట్టుబట్టినవాడు కొమీనియస్. ఇప్పటి చెక్ దేశంలోని మొరావియా ప్రాంతంవాడు, బిషప్పు, యుద్ధాల వల్ల సొంత ఊరు వదిలి తిరిగినవాడు. 1658లో నూరెంబర్గ్‌లో 'ఓర్బిస్ పిక్టస్' అనే బొమ్మల పుస్తకం అచ్చు వేయించాడు. అది దేవుడితో మొదలై లోకం, ఆకాశం, నిప్పు, గాలి, నీళ్ళు, మబ్బులు, నేల అంటూ వరసగా పోతుంది. అంటే సృష్టి క్రమమే ఆ పుస్తకానికి విషయసూచిక లాంటిది. పిల్లలు ఆ బొమ్మలను చూసి సొంతంగా గీస్తామంటే గీయనివ్వండి, ఇంకా ప్రోత్సహించండి అని ముందుమాటలోనే చెప్పాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. గీతల లోపల రంగు నింపమనలేదు, గీయనివ్వమన్నాడు. రెండూ ఒకటి కాదు.

సండే స్కూల్ అన్నది తర్వాత సంగతి. 1780లో ఇంగ్లండులోని గ్లౌస్టర్‌లో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాయన, వారమంతా పనికి పోయే పేద పిల్లలకు ఆదివారం చదువు చెప్పించడంతో అది ఊపందుకుంది. దాదాపు వందేళ్ళకు, 1876లో, మన దేశంలో ఇండియా సండే స్కూల్ యూనియన్ ఏర్పడింది. అప్పటికి రంగుల అచ్చు చవకైంది. గోడకు వేలాడదీసే బొమ్మల చుట్టలు, అరచేతిలో పట్టే కార్డులు వచ్చాయి. అమెరికాలో మెక్‌లాగ్లిన్ బ్రదర్స్ వాళ్ళు 1880 ప్రాంతంలో పిల్లలు రంగులు వేసుకునే పుస్తకాలు మొదలుపెట్టారు. 1903లో క్రయోలా డబ్బా వచ్చింది, ఐదు సెంట్లకు ఎనిమిది క్రేయాన్లు. అంతకుముందు కుంచె, నీళ్ళు, రంగు బిళ్ళలు ఉండాలి, అంటే డబ్బున్నోళ్ళ పిల్లల ఆట. క్రేయాన్ వచ్చాకే పేద పిల్లల చేతికి రంగు అందింది.

బైబిల్లో ఇన్ని కథలుండగా చిన్నపిల్లలకు సృష్టి కథే ముందు ఎందుకు ఇస్తారు? ఆదికాండం మొదటి అధ్యాయం చదివినవాళ్ళకు తెలుస్తుంది, అది లెక్క పాట లాగా ఉంటుంది. మొదటి రోజు వెలుగు, రెండో రోజు ఆకాశం, మూడో రోజు ఆరిన నేల, చెట్లు, నాలుగో రోజు సూర్యచంద్రులు, ఐదో రోజు చేపలు, పక్షులు, ఆరో రోజు జంతువులు, మనుషులు. ఏడో రోజు విశ్రాంతి. చేసింది బాగుంది అన్న మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. రెండేళ్ళ పిల్లకి కథ అర్థం కాకపోయినా ఆ తిరిగొచ్చే మాట పట్టుకుంటుంది. వేళ్ళు మడిచి లెక్కపెడుతుంది. ఆ వయసు పిల్లలు గీత లోపల రంగు నింపలేరు, గీకుతారు అంతే. పంతులమ్మ పక్కన కూర్చుని ఇది చేప, ఇది చుక్క అని చెప్పే మాటలే వాళ్ళకు నిజమైన పాఠం. (మొదటి రోజు కాయితం చూడండి, వెలుగుకి ఏ రంగు వేస్తారు? సగం నల్లగా వేయించి మిగతా సగం వదిలేస్తారు. తెలివైన పనే.)

చిక్కంతా ఆరో రోజు కాయితంతో వస్తుంది. ఆదాముకి ఏ రంగు? క్రయోలా వాళ్ళ రంగుల్లో లేత గులాబీ లాంటి ఒకదాని పేరు 'ఫ్లెష్', అంటే ఒంటి రంగు. ఎవరి ఒంటి రంగు అని అమెరికాలోనే ప్రశ్న వచ్చి 1962లో దాని పేరు 'పీచ్' అని మార్చారు. మన దగ్గర పిల్లలు ఇప్పటికీ ఆ పెన్సిల్ని 'స్కిన్ కలర్' అనే అంటారు. నల్లటి చేత్తో ఆ పెన్సిల్ పట్టుకుని, మొట్టమొదటి మనిషికి ఆ రంగు పూస్తారు. నిజానికి ఆదికాండం రెండో అధ్యాయంలో దేవుడు మనిషిని నేల మట్టితో చేస్తాడు. మట్టి రంగు అంటే మన రంగే కదా. పుస్తకంలో ఉన్నది ఒకటి, కాయితం మీద కనపడేది ఇంకొకటి.

దీనికి తోడు 'మాటలు లేని పుస్తకం' ఒకటుంది. 1866లో లండన్‌లో స్పర్జన్ అనే బోధకుడు నలుపు, ఎరుపు, తెలుపు అనే మూడు పేజీల గురించి ప్రసంగం చేశాడు. 1875లో మూడీ బంగారు రంగు కలిపాడు, పచ్చ రంగు ఇంకా తర్వాత వచ్చింది. అక్షరం రానివాళ్ళకు కూడా చెప్పొచ్చని ప్రపంచమంతా తీసుకెళ్ళారు. అందులో నలుపు అంటే పాపం. చెప్పేవాళ్ళ మనసులో ఒంటి రంగు లేకపోవచ్చు. వినే పిల్ల మనసులో ఉండదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇక మన వైపు. 1860ల్లో గోదావరి మీద పడవలు నడిపే పనుల కోసం దుమ్ముగూడెంలో ఉన్న ఇంజనీరు హేగ్, కోయల మధ్య క్రైస్తవ పనికి నాంది పలికాడు. తర్వాత జాన్ కెయిన్ అనే మిషనరీ అక్కడే ఏళ్ళ తరబడి ఉన్నాడు. మన ఆచారాల గురించి 'ఇండియన్ యాంటిక్వరీ'లో రాశాడు. ఆయన రాసిన వాటిలో ఒప్పుకోలేనివి ఉన్నాయి, మనల్ని కింద చూపుతో చూసిన చోట్లూ ఉన్నాయి. అయినా వాళ్ళు కోయ భాష నేర్చుకున్నారు, సువార్తను కోయలోకి తెచ్చారు. ఉత్తరాన పర్లాకిమిడిలో, మిషనరీ కాని గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాసి, బడి నడిపారు. ఇప్పటి కాయితం చూస్తే ఫోన్లో ఒక్క నిమిషంలో దిగుతుంది, మీద ఇంగ్లీషు అక్షరాలు. ఇంట్లో కోయ తప్ప ఇంకోటి వినని పిల్లకి దాన్ని తెలుగులో చెబుతారు. మతం సంగతి పక్కన పెట్టండి, భాష విషయంలో మనం నూట యాభై ఏళ్ళ కిందకన్నా వెనక్కి పోయాం. అంగన్‌వాడీలో ఇచ్చే బొమ్మల కాయితాలనూ ఇదే ప్రశ్న అడగాలి.

మనకు బొమ్మలు లేవా అంటే ఉన్నాయి. సవరల 'ఇడితల్' గోడబొమ్మ గురించి వెరియర్ ఎల్విన్ 1955లో వచ్చిన పుస్తకంలో వివరంగా రాశాడు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా గీస్తారు, అందులో మనుషులు, ఏనుగులతో పాటు రైళ్ళు, విమానాలు కూడా ఉండేవి. అది అలంకారం కాదు, చనిపోయినవాళ్ళకీ దేవతలకీ ఇల్లు. ఒడిశా వైపు సవరలు చాలామంది బాప్టిస్టులయ్యాక చనిపోయినవాళ్ళతో మాట్లాడే ఆచారం ఎట్లా ఆగిపోయిందో పియర్స్ విటెబ్‌స్కీ 2017లో ఒక పుస్తకంలో రాశాడు. ఆయన ఆ ఊళ్ళకు 1970ల నుంచి వెళ్తున్నవాడు. చదివితే బాధ, కొంత అర్థం కావడం, రెండూ కలుగుతాయి.

కోయల్లో డోలి వాళ్ళ పడిగె ఉంది. పొడవాటి గుడ్డ మీద బొమ్మలు, వాటిని చూపిస్తూ మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా ఎవరు ఎట్లా పుట్టారో పాడతారు. డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమందరం స్టేటస్ పెట్టుకున్నాం. వాళ్ళకీ ఏడు రోజులు, మనకీ ఏడో గట్టు దాకా లెక్క ఉంది. వేళ్ళు మడిచి నేర్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అయితే పడిగెను కూడా గీతలు తీసి, అచ్చు వేసి, పిల్లలకు పంచేద్దాం అని కొందరు అన్నలు అంటున్నారు. నాకు అంత తేలిగ్గా అనిపించట్లేదు. పడిగెను ఊరికే తీయరు, సందర్భం ఉంటుంది, తీసే మనిషి ఉంటాడు. పిల్ల గీకి పారేసిన కాయితం రేపు పొయ్యిలోకి పోతుంది. పడిగె బొమ్మకు ఆ గతి పట్టొచ్చా లేదా అన్నది డోలి పెద్దలే చెప్పాలి, డిగ్రీ చదివే మనం కాదు. గట్టు కథలో వచ్చే చెట్టు, పిట్ట, జంతువు వరకు మనమే గీయొచ్చేమో, పడిగెను ముట్టుకోకుండా.

మీ ఊళ్ళో డోలి పెద్దలు ఎవరైనా ఉంటే ఈ మాట అడిగి చూడండి. ఏ గట్టువాళ్ళు ఏమన్నారో కింద రాయండి, కోయలో చెబితే కోయలోనే రాయండి. ఫోటోలు మాత్రం వాళ్ళు ఒప్పుకుంటేనే పెట్టండి.