జట్టుగా సాగిన సైకిలు యాత్రలు

పూర్వము కాశీయాత్రకు బయలుదేరువారు ఒంటరిగా పోయెడివారు కారు, జట్టుగూడి పోయెడివారు. మహారాష్ట్రమున స్థిరపడిన మన కుటుంబములవారు ఏటేట చూచు పండరి దిండీలును అట్టివే. కాళ్లు బొబ్బలెక్కినను, పక్కవాని నడక చూచి మరి నాలుగడుగులు వేయుట మానవస్వభావము. బెంగుళూరు, చెన్నపట్టణము, పూనా కుటుంబములలోని పిల్లలు కొందరు నేడు శనివారము తెల్లవారుజామున సైకిలెక్కి ఆదివారము రాత్రికి గాని ఇల్లు చేరకుండుట చూచి, పెద్దలు "ఎవరు తరుముచున్నారని ఈ అవస్థ?" అని విసుగుకొనుచున్నారు. ఆ ప్రశ్నకు చరిత్రలో కొంత సమాధానము గలదు.

1897 జూన్ 12వ తేదీన ఇటలీ దేశమున కొందరు రోము నుండి నేపుల్సు వరకు గల సుమారు 230 కిలోమీటర్లను పగటి వెలుతురులోనే ముగించిరి. బరువైన యంత్రములతో, నాటి దుమ్ముబాటలపై అది అల్పకార్యము కాదు. వారికి "ఆడాక్స్" అను పేరు వచ్చినది. లాటిను భాషలో సాహసి అని అర్థము. ఈ పద్ధతిని 1904లో ఫ్రాన్సునకు తెచ్చినవాడు ఆంరీ దెగ్రాంజ్ అను పత్రికాసంపాదకుడు. 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందెమును స్థాపించినవాడును ఇతడే.

ఇందులో ఒక వింత యున్నది. పందెమున దెగ్రాంజ్ కోరినది ఒంటరి బాధ. 1913లో యూజీన్ క్రిస్తోఫ్ అను సవారి పిరెనీసు పర్వతములలోని తూర్మలే కనుమ దిగుచుండగా సైకిలు ముందరి చీలిక విరిగినది. పరుల సహాయము నిషిద్ధము. అతడు సైకిలు భుజముపై వేసికొని పది కిలోమీటర్లకు పైగా నడచి, కొండ దిగువ పల్లెలోని కొలిమి చేరి, అధికారులు కాపలా నిలిచి చూచుచుండగా తన చేతితోనే ఇనుము కాల్చి, సమ్మెట పట్టి, గంటల తరబడి పాటుపడి చీలిక అతికించుకొనెను. రెండు చేతులు చాలక ఒక పిల్లవానిచే కొలిమితిత్తి ఊదించినందుకు పది నిమిషముల దండన విధించిరి. తరువాత దానిని మూడు నిమిషములకు తగ్గించిరి. కమ్మరి పిల్లవాని ఊపిరికి కూడ లెక్క కట్టిన న్యాయము మాకు రుచింపదు.

అదే దెగ్రాంజ్ ప్రోత్సహించిన ఆడాక్స్ యాత్రలో నియమము దీనికి తలక్రిందులు. జట్టునకు నాయకుడుండును, అతనిని దాటి ఎవరును ముందుకు పోరాదు. కాలక్రమమున గంటకు 22.5 కిలోమీటర్ల వేగము స్థిరపడినది. బలవంతుడు పగ్గము బిగబట్టవలెను, బలహీనుడు పళ్లు బిగబట్టవలెను. ఇద్దరిలో ఎవరి బాధ ఎక్కువ యన్నది చెప్పుట కష్టమే. 1921లో ఈ సంఘీయులలో చీలిక వచ్చి, ఎవరి వేగమున వారు పోవు స్వేచ్ఛాయాత్రలు వేరుగా వెలసినవి. 1891లో పందెముగా మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ మార్గమున, 1931 నుండి ఈ రెండు తెగలవారును యాత్రలు సాగించిరి. మొదటి పందెమున షార్ల్ తెర్రోఁ నిద్ర లేక 71 గంటల 22 నిమిషములలో దాదాపు 1200 కిలోమీటర్లు ముగించెను.

స్వేచ్ఛ యిచ్చినను సవారీలు గుంపుగట్టక మానరు. వేగముగా పోవునపుడు శ్రమలో పెద్దపాలు గాలిని చీల్చుటకే పోవును. ముందువాని చక్రమునకు దగ్గరగా పోవువానికి ఆ శ్రమలో నాలుగవ వంతైనను తగ్గును. కనుక వంతులవారీగా ముందు నిలుతురు. అయినను దేహమునకు తప్పని బాధలున్నవి. కండరములలోని చక్కెర నిలువ తరిగినంతనే కాళ్లు సీసమగును. చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు తిమ్మిరెక్కును. మెడ నిలువదు. రెండవ రాత్రి చెట్లు మనుష్యులవలె కనబడును. అలసట ఓర్వదగినదే, గాయపు నొప్పి ఓర్వదగినది కాదు. ఈ భేదమెరుగని పౌరుషము దక్కను ఎండలో ప్రాణముమీదికి తెచ్చును. ఉప్పు లేని మంచినీరే అతిగా త్రాగుటయు ప్రమాదమే యని తల్లులు గుర్తుంచుకొందురు గాక.

మన దేశమున ఈ ఓర్పునకు పాత సాక్ష్యమున్నది. 1923లో బొంబాయి నుండి ఆరుగురు పారసీ యువకులు సైకిళ్లపై భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. పారసీక దేశపు ఇసుక, మెసపొటేమియా ఎండ, ఆల్ప్సు మంచు దాటి 1928లో మరల బొంబాయి చేరినవారు హకీము, బాపసోలా, భూంగరా అను మువ్వురే. దారిలో జట్టు సగమైనది. మిగిలినవారు తాము చూచినదంతయు గ్రంథముగా వ్రాసిరి.

నేడు బెంగుళూరు, హైదరాబాదు, చెన్నపట్టణములలో సాగుచున్న యాత్రలు ఆ ఫ్రెంచి స్వేచ్ఛాయాత్రల శాఖలే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు గడువు. మజిలీలలో కార్డుపై వేళ వేయించుకొనవలెను. మజిలీల నడుమ వెంట బండి రాకూడదు, ఇంటివారు సాయము చేయరాదు. కాని తోటి సవారి గాలిపంపు ఎరువిచ్చినను, అర్ధరాత్రి కునికిపాట్లు పడువానితో మాటలాడుచు పక్కనే తొక్కినను దండన లేదు.