బొమ్మ ఫిరంగిలోని స్టైరీన్

రెండవ ప్రపంచ యుద్ధపు సైనికులను, ఫిరంగులను చిన్న కొలతలో కూర్చుకొనే ప్లాస్టిక్ బొమ్మల పెట్టెలను మీలో కొందరు చూచియే ఉంటారు. మూత తీసినచో చక్రాలు, గొట్టాలు, టోపీలు, చేతులు ఒక చట్రానికి కాయలవలె అంటుకొని కనబడతాయి. ఆ యుద్ధంలో భారత సైన్యం వాడిన 25 పౌండ్ల ఫిరంగినే తీసికొందాము. 25 పౌండ్లనగా ఫిరంగి బరువు కాదు, అది విసిరే గుండు బరువు. దాని గొట్టపు లోపలి వ్యాసం 87.6 మిల్లీమీటర్లు. 1:35 కొలతలో అది రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే. 175 సెంటీమీటర్ల సైనికుడు 5 సెంటీమీటర్ల బొమ్మ అవుతాడు. అతని చొక్కా గుండీలు కూడా తెలియవలెను గదా! ఏటికొప్పాక పనివాడు ప్రతి బొమ్మకూ అంకుడు కర్రను కొత్తగా తరిమెన పట్టవలసినదే. ఇక్కడ ఒక్క ఉక్కు అచ్చు వేలకొలది బొమ్మలను ఒకే తీరున ఇస్తుంది.

ఈ పనికి తగిన పదార్థం పాలిస్టైరీన్. అది సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడు దాటగానే మెత్తబడుతుంది. ఇంకను వేడిచేసి అచ్చులోనికి ఒత్తితే సన్నని గీతలలోనికి కూడా పారుతుంది. చల్లారునపుడు బహు కొద్దిగా మాత్రమే కుంచించుకొనిపోతుంది. ముక్కలను అతికించుటకు వాడే ద్రవం నిజానికి జిగురు కాదు, ద్రావణి. అది రెండు అంచులను కరిగిస్తుంది. రెండు వైపుల పొడుగాటి అణువులు పెనవేసికొంటాయి. ద్రావణి ఆవిరికాగా రెండు ముక్కలు ఒక్కటే అవుతాయి.

ఈ పదార్థం పుట్టుక ఔషధశాలలో జరిగినది. 1839లో బెర్లిన్ నగరపు ఔషధ విక్రేత ఎడ్వర్డ్ సైమన్ శిలారసాన్ని బట్టీపట్టి ఒక ద్రవాన్ని రాబట్టినాడు. (శిలారసం మన వైద్యులకు కొత్తది కాదు.) కొన్నాళ్ళు ఉంచగా ఆ ద్రవం దానంతట అదే చిక్కబడి ముద్దయినది. గాలిలోని ఆక్సిజన్ కలిసినందువలననే ఇట్లయినదని సైమన్ తలచినాడు. 1845లో బ్లైత్, హాఫ్‌మన్ అనువారు ఆక్సిజన్ లేకుండ కూడ ఈ మార్పు జరుగునని చూపినారు. అయితే జరుగుచున్నదేమిటి? చిన్న అణువులు ఒకదానితో నొకటి గొలుసుగా కలిసి బృహదణువులగుచున్నవని 1920 మొదలు వాదించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టాడింగర్. తోటివారు చాలమంది చాలకాలం నమ్మలేదు. 1953లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది.

స్టైరీన్‌ను విరివిగా తయారుచేయించినది యుద్ధమే. 1942 ఆరంభంలో జపాను మలయాను, సింగపూరును ఆక్రమించినది. మిత్రరాజ్యాలకు రబ్బరు కరువైనది. అదే దండయాత్ర కెరటం ఆ సంవత్సరం ఏప్రిల్ 6న మన విశాఖపట్టణం, కాకినాడలపై బాంబులుగా కూడ పడినది. చెట్టు రబ్బరు లేనందున అమెరికా సుమారు మూడుపాళ్ళు బ్యూటడైయీన్, ఒకపాలు స్టైరీన్ కలిపి కృత్రిమ రబ్బరును చేసినది. దానికై పెద్ద పెద్ద స్టైరీన్ కర్మాగారాలు లేచినవి. యుద్ధం ముగిసిన తరువాత వాటి స్టైరీన్ పాలిస్టైరీన్‌గా మారి దువ్వెనలలోనికి, ఆటబొమ్మలలోనికి దిగినది. 1952లో ఇంగ్లండులోని ఎయిర్‌ఫిక్స్ సంస్థ గోల్డెన్ హైండ్ అను ఓడ బొమ్మను విడిభాగాలుగా అమ్మినది. 1961లో జపానులోని టమియా సంస్థ పాంథర్ టాంకును తెచ్చినది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టునట్లు బొమ్మ పరిమాణం నిర్ణయించి, తరువాత లెక్కకట్టగా అది 1:35 అయినదట! సైనికుల బొమ్మలకు నేటికీ విరివిగా వాడే కొలత ఇట్లు పుట్టినది.

ఆ 1961లోనే సింహాచలానికి నాలుగైదు కిలోమీటర్ల దూరాన, ఆర్.ఆర్. వెంకటాపురంలో పాలిస్టైరీన్ తయారీకై హిందూస్థాన్ పాలిమర్స్ స్థాపితమైనది. 1997లో అది కొరియా సంస్థ చేతికి పోయి ఎల్.జి. పాలిమర్స్ అయినది.

స్టైరీన్‌ను నిలువచేయుటయనగా, సైమన్ సీసాలో జరిగినది ట్యాంకులో జరుగకుండ కాచుకొనుటయే. అందుకు చల్లదనం కావలెను; టెర్షియరీ బ్యూటైల్ కాటికాల్ అను నిరోధకం కావలెను. విచిత్రమేమనగా, ఈ నిరోధకం పనిచేయుటకు ద్రవంలో కొంత ఆక్సిజన్ కరిగియుండవలెను. సైమన్ దోషిగా ఎంచిన ఆక్సిజన్ ఇక్కడ కావలివానికి తోడు! గొలుసులు కూడునపుడు వేడి పుడుతుంది. ఆ వేడి కూడికను ఇంకను త్వరపెడుతుంది.

2020 మార్చి చివర లాక్‌డౌన్‌తో కర్మాగారం ఆగినది. ట్యాంకులో స్టైరీన్ కదలకుండ ఉండిపోయినది. ఉష్ణమాపకం అడుగున ఉన్నది. పైపొరలు కాగుచున్న సంగతి దానికి తెలియలేదు. నిరోధకం చాలలేదు. మే 7న తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు ఆవిరి వెలువడి, నిద్రలోనున్న ఊరిమీద కమ్మినది. హెచ్చరిక సైరను మోగలేదని ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం తెల్పినది. 12 మంది మరణించినారు. వందలమంది ఆసుపత్రుల పాలైనారు. కర్మాగారపు నిలువలలోను, రేవులోను మిగిలియున్న సుమారు 13,000 టన్నుల స్టైరీన్‌ను ఆ నెలలోనే విశాఖ రేవునుండి ఓడలలో దక్షిణ కొరియాకు పంపివేసినారు.